గవమ్మ పురుడు

మా శకుంతల పిన్ని పోయాక, కర్మకాండలన్నీ ముగిసి చుట్టాలు ఒక్కొక్కరే బస్సులకు బయల్దేరుతుంటే, ఆమె కూతురు గౌరి వచ్చి నా పక్కన చాప మీద కూర్చుంది. "అక్కా, నన్నొకసారి బళ్ళారి తీసుకెళ్ళవూ? ఆ గవి చూడాలనుంది" అంది. గౌరి అన్నది బళ్ళో రాయించిన పేరు. ఇంట్లో దాన్ని అందరూ గవమ్మ అనే పిలిచేవాళ్ళు. గవి అంటే బళ్ళారి వైపు గుహ. తను ఆ గుహ దయవల్ల పుట్టిన పిల్లనని దానికి చిన్నప్పట్నుంచీ తెలుసు, అంతకు మించి ఏమీ తెలియదు. కూతురు పుట్టాక పిన్ని మళ్ళీ ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదు, దాన్ని పంపలేదు. ఎందుకని అడిగితే "అబ్బో, అక్కడి ఎండలు" అని మాట తప్పించేది. కృష్ణా జిల్లా ఎండలు మాత్రం చల్లగా ఉంటాయా! అసలు సంగతి తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కదాన్నే. తల్లిని పోగొట్టుకున్న పిల్ల అడిగితే కాదనలేక సరేనన్నాను గానీ, అన్న దగ్గర్నుంచీ నా మనసు మనసులో లేదు.

మా నాన్న తుంగభద్ర కాలువ నీళ్ళ వెంట బళ్ళారి వచ్చినవాడు. సొంతూళ్ళో ఉన్న కొంచెం పొలం అమ్ముకుని, రూపనగుడి వైపు నల్లరేగడి కొని, జొన్న, పత్తి తప్ప మరో పైరు ఎరగని నేలలో వరి నాటినవాళ్ళలో ఆయనొకడు. మాలాంటి ఇళ్ళు కొన్ని ఒకచోట లేస్తే దానికి క్యాంపు అని పేరు పడింది. అవతల ఉన్న పాత ఊరివాళ్ళకు మేము క్యాంపోళ్ళం, మాకు వాళ్ళు ఊరివాళ్ళు. మా వంటింట్లో గోంగూర, ఆవకాయ. వాళ్ళ వంటిళ్ళలో జొన్నరొట్టె తట్టే చప్పుడు, దాని మీదికి గురెళ్ళ, అంటే వెర్రినువ్వుల పొడి. వానాకాలం గడప దాటితే చాలు, రేగడి బురద కాళ్ళకు అంటుకుని చెప్పుల కింద ఇంకో జత చెప్పులు తయారయ్యేవి. అమ్మ వాటిని పుల్లతో గీకుతూ "ఎక్కడికి తెచ్చి పడేశారండీ మమ్మల్ని" అని నాన్న మీద విసుక్కునేది. ఆయన సాయంత్రం కాలువ గట్టు మీంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, నవ్వి ఊరుకునేవాడు. ఆయన పంచె నుంచి వచ్చే వరి మడి పచ్చివాసన నాకు ఇప్పటికీ గుర్తే.

ఊరికీ క్యాంపుకీ రాకపోకలు మొదలైంది ఈరమ్మవ్వతో. ఆమె మంత్రసాని. ఊళ్ళో సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్ళే. రొట్టెలు కొంగులో మూటగట్టుకుని వచ్చి మా అరుగు మీద కూర్చునేది, వాటికి బదులు ఆవకాయ పట్టుకెళ్ళేది. ఆకూవక్కా నములుతూ, కళ్ళు మూసుకుని మాట్లాడేది. నిద్రపోయిందనుకుని నేను లేచిపోబోతే "యాడికి పోతాండావు పాపా? ఇంగా అయిపోలేదు" అని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టేది. ఊరి వెనక గుట్టలో ఉన్న గవి మీద పెత్తనమంతా ఆమెదే. ఆ గవి నోరు ఇరుకు, వంగి దూరాలి. దూరాక లోపల పెద్ద పశువులపాకంత చోటు. చివర్లో ఎండాకాలం కూడా ఎండని దొన, అంటే రాతిలో నిలిచిన నీటిగుంట. కప్పంతా గబ్బిలాలు. మగ్గిన మామిడిపళ్ళనూ తడిసిన గోనెసంచినీ కలిపితే వచ్చేలాంటి వాసన. మొదటిసారి వెళ్ళినప్పుడు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తీయలేదు. సాయంత్రమయ్యేసరికి అవి బయటికొస్తుంటే కళ్ళంలో పొట్టు ఎగరబోసినట్టు ఆకాశమంతా చెదిరేవి. మా వరి మళ్ళ మీద చక్కర్లు కొట్టి చీకట్లో కలిసిపోయేవి.

ఉగాది వెళ్ళాక అవి పిల్లల్ని పెట్టే కాలం. ఊరు దాన్ని గవమ్మ పురుడు అనేది. ఆ గవిలో విగ్రహం లేదు, పూజారి లేడు. గవే ఊరి ఆడపడుచు, కాన్పుకు పుట్టింటికొచ్చిన పిల్ల. ఈరమ్మవ్వ ముందు నడవగా ఆడవాళ్ళు వెళ్ళి, పైన గబ్బిలాల దారికి అడ్డం రాకుండా, కింద కాలిబాట సందుకు మనిషి ఎత్తున పాత నూలుచీర కట్టి, వేపమండలు దోపి వచ్చేవాళ్ళు. ఇక తొలకరి పడేదాకా లోపలికి ఎవరూ పోకూడదు. గుట్ట మీద రాయి కొట్టకూడదు. మేళంతో వస్తున్న పెళ్ళి ఊరేగింపు కూడా గుట్ట దగ్గరికి రాగానే నోరు కట్టేసుకుని, డోలు చంకలో పెట్టుకుని దాటాల్సిందే. వాన పడ్డాక ఈరమ్మవ్వ బాలింతకు పెట్టినట్టే సొంఠి, వెల్లుల్లి, మిరియాలు దంచిన కారపు ముద్ద తీసుకెళ్ళి గవి నోట్లో పెట్టి, పురుడు తీరిందని చెప్పేది. అప్పుడు అందరూ వెళ్ళి గబ్బిలాల పెంట ఊడ్చి పొలాలకు పంచుకునేవాళ్ళు.

మా అమ్మకు ఇదంతా వింతగా ఉండేది. "గబ్బిలాలకు పురుడేమిటవ్వా?" అని నవ్వింది ఒకసారి. ఈరమ్మవ్వ కళ్ళు తెరిచింది. "ఏందమ్మా అట్లంటావు? బిడ్డను కన్నోళ్ళు ఎవురైనా బాణంతే గదా. బాణంతి ఉండే ఇంట్ల గలాటా చేస్తే తల్లి బెదురుతాది, బిడ్డను ఇడిసేస్తాది. నువ్వూ బిడ్డను కన్నావు, నీకు నేను చెప్పల్నా?" బాణంతి అంటే కన్నడంలో బాలింత. ఆ మాటకు అమ్మ మళ్ళీ ఎప్పుడూ నవ్వలేదు.

తుంగభద్ర మీద డ్యాము కట్టాక దాన్ని చూడ్డానికి ఎక్కడెక్కడి జనమో వచ్చేవాళ్ళు. వచ్చినవాళ్ళు చుట్టుపక్కల చూడదగ్గవి ఇంకేమున్నాయని వాకబు చేసేవాళ్ళు. బళ్ళారి ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళు ఆదివారాలు టిఫిన్ క్యారియర్లు పట్టుకుని మా గుట్టకు రావడం అలా మొదలైంది. మొదట్లో వచ్చినవాళ్ళు కిరసనాయిల్ గుడ్డలు అంటించుకుని లోపలికి పోయారు, గోడల మీద బొగ్గుతో పేర్లు రాశారు, దొనలో సోడాబుడ్లు పగలగొట్టారు. ఊళ్ళో కుర్రకారు గవి నోటికి బండ దొర్లించి మూసేద్దామన్నారు. చావడి దగ్గర పెద్ద రచ్చే జరిగింది. మా నాన్న మామూలుగా ఊరి వ్యవహారాల్లో నోరు విప్పేవాడు కాదు, ఆ రోజు లేచి, "వద్దంటే మానరండీ, దొంగచాటుగా వస్తారు. మనమే దగ్గరుండి చూపిద్దాం. మన పద్ధతిలో చూపిద్దాం" అన్నాడు. ఊరి పెద్ద కొట్రప్ప మీసం సవరించుకుని కాసేపు ఆలోచించాడు. "క్యాంపప్ప చెప్పేది ఖరే ఉండాది. మనం పిలిచి చూపిస్తే మన మాట ఇంటారు" అని తేల్చేశాడు.

ఆ ఏర్పాటు తల్చుకుంటే నాకు ఇప్పటికీ గర్వమే. ఆదివారాలు ఇళ్ళవారీగా వంతులు. గుట్ట కింద కొట్రప్ప బుట్ట పెట్టుకుని కూర్చుని చెప్పులు, అగ్గిపెట్టెలు, బీడీలు అన్నీ అందులో వేయించుకునేవాడు. కొద్దిమంది చొప్పున, ముందువాళ్ళ కండువా చెంగు వెనకవాళ్ళు పట్టుకుని లోపలికి పోవాలి. దీపం లేదు. గవి నోటి దగ్గర ఈరమ్మవ్వ చింతపండుతో తోమిన ఇత్తడి పళ్ళెం ఎండకు వాలుగా పట్టుకుని కూర్చునేది. ఆ వెలుగు నేల మీద మెల్లగా పాకుతూ పోయి దొన నీళ్ళ మీద పడేది, కప్పు మీదికి మాత్రం ఎప్పుడూ పోనిచ్చేది కాదు. ఎంత గొప్పవాడైనా ఆ నీళ్ళు మెరిసేసరికి నోరు తెరిచేవాడు. ఒకసారి ఒక పెద్ద ఆఫీసరు ఎండల్లో, సరిగ్గా పురుట్లో, జీపులో దిగాడు. కొట్రప్ప చేతులు కట్టుకునే నిలబడ్డాడు గానీ పక్కకు తప్పుకోలేదు. "బాణంతి ఉండాది సార్. తొలకరి పడినాంక రాండి. మీ కచేరీలో మీ మాట, ఈడ మా గవమ్మ మాట" అన్నాడు. ఆఫీసరు మొదట ఎర్రగా చూసి, తర్వాత పడిపడి నవ్వి వెళ్ళిపోయాడు. వానలు పడ్డాక భార్యాపిల్లలతో సహా వచ్చి, తనే ముందుగా సిగరెట్టు పెట్టె బుట్టలో వేశాడు. మా అమ్మ వాళ్ళకు మజ్జిగ ఇచ్చి, ఆ ముచ్చట నెల్లాళ్ళు చెప్పుకుంది. ఊరివాళ్ళను కలుపుకోకుండా ప్రకృతిని కాపాడలేమని ఈ మధ్య సభల్లో పెద్ద పెద్ద వాళ్ళు చెబుతుంటే నాకు నవ్వొస్తుంది, ఆ వెనకే ఏడుపూ వస్తుంది. మేము అదంతా చేశాం. బయటివాళ్ళ దగ్గర ఒక్కసారి కూడా ఓడిపోలేదు.

ఓడిపోయింది మా ఇంటి మనిషి దగ్గర. శకుంతల పిన్నికి పెళ్ళయి ఏళ్ళు గడిచినా పిల్లలు లేరు. అత్తగారు కొడుక్కి మరో సంబంధం చూస్తున్నానని పిన్ని ఎదుటే నలుగురికీ చెబుతోందట. ఆ ఎండాకాలం పిన్ని మా ఇంటికి వచ్చింది. పంపించారో, తనే వచ్చేసిందో నాకు తెలియదు. మనిషి సగమైపోయింది. అమ్మ వడ్డిస్తే తినేది, లేకపోతే లేదు. నా జడ వేస్తూ వేస్తూ మధ్యలో ఆగిపోయేది. నేను వెనక్కి తిరిగి చూస్తే దువ్వెన చేతిలోనే ఉండేది. అలాంటి మనిషి ఒకరోజు ఈరమ్మవ్వ నోట గవమ్మ పురుడు మాట వింది. విన్నప్పట్నుంచీ ఒకటే ధ్యాస, తను ఆ పురిటింట్లోకి ఒక్కసారి వెళ్ళి రావాలని.

అమ్మ అడిగితే ఈరమ్మవ్వ ససేమిరా అంది. "ఊరికే మాట తీయాకమ్మా. నేను పుట్టినప్పట్నుంచి పురుట్ల ఒగరు కూడా పోలేదు" అని విసురుగా లేచిపోయింది. పిన్ని మళ్ళీ అడగలేదు. రోజూ పొద్దున్నే వెళ్ళి గుట్ట కింద ఆ పాత చీర ఎదురుగా బండ మీద కూర్చునేది. ఎండ నడినెత్తికి వచ్చినా లేచేది కాదు. నేను మజ్జిగ చెంబు తీసుకెళ్ళేదాన్ని. ఒకరోజు అలా వెళ్ళేసరికి ఈరమ్మవ్వ ఆమె పక్కనే కూర్చుని ఉంది. నాతో పాటు వచ్చిన అమ్మను చూసి తల అటు తిప్పుకుని అంది. "బాణంతిని చూసేకి ఆడబిడ్డ వస్తే వాకిట్ల నిలబెట్టి పంపిస్తారేమ్మా యాడైనా? నాకు తినేది గొంతు దిగుతాలేదు. రా తల్లీ."

గాజుల చప్పుడైతే గబ్బిలాలు బెదురుతాయి. ముత్తైదువ చేతి గాజులు తీయించకూడదు. ఈరమ్మవ్వ తన కొంగు అంచు చింపి, పిన్ని రెండు చేతులకూ గాజుల మీద చుట్టింది. చీర పక్కకు జరిపి ఇద్దరూ వంగి లోపలికి పోయారు. మేము బయటే నిలబడ్డాం. అమ్మ పెదవులు కదుపుతూ తన దేవుళ్ళందరినీ పిలుస్తోంది. కాసేపటికి బయటికొచ్చిన పిన్ని ముఖంలో నవ్వూ లేదు, ఏడుపూ లేదు. "తల్లులు రెక్కలు కప్పుకుని పడుకున్నారక్కా, ఒక్కటి కూడా కదల్లేదు" అని మాత్రం అంది. ఆ పూట కడుపునిండా అన్నం తింది.

నాలుగు రోజులాగి పిన్ని అత్తవారింటికి తిరిగి వెళ్ళింది. మరుసటి ఉగాదికి ముందే ఆమెకు ఆడపిల్ల పుట్టింది. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో చెప్పడానికి నేనెవర్ని? ఆ రోజుల్లో మాత్రం మా ఇంట్లో ఎవరికీ అనుమానమే లేదు. అమ్మ సంతోషం పట్టలేకపోయింది. బళ్ళారి సంతలో చెప్పింది, కాలువ దగ్గర బట్టలుతికేచోట చెప్పింది, కప్పగల్లు నుంచి కూరలు తెచ్చే ఆమెకు చెప్పింది. మంచిమాట నలుగురితో పంచుకోవడం తప్పని ఆమెకు ఎలా తెలుస్తుంది? ఆ ఎండాకాలం ఈరమ్మవ్వ చీర కట్టి వచ్చిందో లేదో, బండ్లు కట్టుకుని ఆడవాళ్ళు రావడం మొదలైంది. ఆఫీసర్లను ఆపిన కొట్రప్ప వాళ్ళను ఆపలేకపోయాడు. ఒక్కొక్కరు వచ్చి కాళ్ళ మీద పడుతుంటే కండువాతో ముఖం తుడుచుకుంటూ "నాకేం తెల్దమ్మా, అవ్వనడగండి" అనేవాడు. అవ్వ మాత్రం ఏం చేస్తుంది? మొదట ఒక్కొక్కరినే గాజులకు గుడ్డ చుట్టి తీసుకెళ్ళింది. తర్వాత ఆమెకు తెలియకుండా వెళ్ళడం మొదలుపెట్టారు.

ఒక శుక్రవారం పొద్దున అమ్మతో పాటు నేనూ వెళ్ళాను. గవి ముందు ఇసకేస్తే రాలనంత జనం. లోపల ఎవరో కర్పూరం వెలిగించారు, ఇంకెవరో దీపాలు పెట్టారు. పొగ బయటికొస్తోంది, దాంతో పాటు పట్టపగలు గబ్బిలాలు బయటికొస్తున్నాయి. ఎండకు కళ్ళు కనబడక బండలకు కొట్టుకుంటున్నాయి. అమ్మ నన్ను పట్టుకుని లోపలికి తోసుకుంటూ పోయింది. నేల మీద ఈరమ్మవ్వ మోకాళ్ళ మీద పాకుతోంది. తల్లులు బెదిరి ఎగిరేసరికి పిల్లలు జారి కింద పడ్డాయి. వేరుశనక్కాయంత ఉన్నాయి ఒక్కోటి, ఒంటి మీద బొచ్చు కూడా రాలేదు. అవ్వ వాటిని ఏరి కొంగులో వేసుకుంటూ, పైకి చూస్తూ, "ఎత్తుకోండే తల్లీ, మీ బిడ్డల్నెత్తుకోండే" అని ఏడుస్తోంది. జనం కాళ్ళ కింద పడ్డవి పడ్డట్టే ఉన్నాయి. అంతలో ఒకామె ఆమె భుజం పట్టుకుని "అవ్వా, నన్నొక్కదాన్ని దొన దాకా తీసుకపో, శానా దూరం నుంచి వచ్చినా" అని బతిమాలుతోంది. ఆ ముఖం కూడా అచ్చం మా పిన్ని ముఖమే. ఆమె మీద నాకు కోపం రాలేదు, అదే నా ఖర్మ.

ఈరమ్మవ్వను ఇంటికి తీసుకొచ్చాక అమ్మ ఆమె మోకాళ్ళు కడిగి పసుపు రాసింది. "నావల్లే కదవ్వా" అని అడిగింది. "నీ చెల్లెల్ని రానిచ్చింది నేను గదమ్మా" అంది ఈరమ్మవ్వ. "ఆయమ్మను రానిచ్చి ఈయమ్మను వద్దని యా నోటితో చెప్పేది? నీకు బిడ్డ వద్దా అని అడిగితే నా తాన జవాబుండాదా?"

తొలకరి రాకముందే మిగిలిన గబ్బిలాలు ఎటో వెళ్ళిపోయాయి. పై ఏడు ఉగాది అయ్యాక కూడా ఈరమ్మవ్వ వెళ్ళి చీర కట్టింది. పెళ్ళివాళ్ళు మేళం ఆపి గుట్ట దాటారు. సాయంత్రాలు ఊరూ క్యాంపూ అరుగుల మీద కూర్చుని గుట్ట వైపు చూసేవి. ఒక్కటి కూడా రాలేదు. దొన నీళ్ళ మీద నూనె తెట్టె కట్టింది. మా మళ్ళల్లో పురుగు ఎక్కువైందని నాన్న అనేవాడు, అది ఇందువల్లో కాదో ఆయనకీ తెలియదు. అమ్మ ఆ తర్వాత ఎవరింట ఏ శుభం జరిగినా పదిమందిలో చెప్పడం మానేసింది. పిన్నికి ఈ సంగతి చేరింది. ఆమె ఆ పిల్లను తీసుకుని మా ఊరు ఎప్పటికీ రాకపోవడానికి కారణం ఇదే. ఈరమ్మవ్వ మాత్రం పోయేదాకా మా అరుగు మీద కూర్చున్నప్పుడల్లా అడిగేది. "పాపా, ఆ బిడ్డ నడుస్తాందా? మాట్లాడతాందా? బడికి పోతాందా?"

గౌరి, నేనూ బళ్ళారిలో కారు మాట్లాడుకుని వెళ్ళాం. గుట్టకు సిమెంటు మెట్లు, పట్టుకోవడానికి కమ్మీలు. గవి నోరు వెడల్పు చేసి ఊచల గేటు పెట్టారు. లోపల ఎర్రవీ నీలంవీ లైట్లు, దొన చుట్టూ గొలుసు. తోరణగల్లు ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళ కుటుంబాలు సెలవు రోజని వచ్చి ఫోటోలు తీసుకుంటున్నాయి. చూపించే అమ్మాయి ఆ ఊరి పిల్లే, చాలా ఓపిగ్గా చెబుతోంది. "ఈడ ముందు గబ్బిలాలు ఉంటాండెనంట మేడం, ఇప్పుడు లేవు, ఏం భయం లేదు రాండి" అంది. ప్లాస్టిక్ కాగితం కింద పడేస్తే వెళ్ళి తనే ఏరుతోంది. మంచి పిల్ల. మా కొట్రప్ప కాలంలో పుట్టి ఉంటే ఏం బాగుండేదనుకున్నాను. ఆమెకు కాపాడ్డానికి మిగిలింది రాళ్ళూ లైట్లూ. అన్నిటికంటే నన్ను కుదిపేసింది వాసన లేకపోవడం. మా అమ్మ ముక్కు మూసుకున్న ఆ వాసన కోసం నేను దొన దాకా వెళ్ళి గట్టిగా పీల్చి చూశాను. ఫినాయిలు వాసన వచ్చింది.

బయటికొచ్చి బండ నీడన కూర్చున్నాక గౌరికి అంతా చెప్పాను. ఏదీ దాచలేదు. అది తలొంచుకుని విన్నది. చివరికి, "అయితే అక్కా, నేను పుట్టి ఉండకపోతే..." అని ఆగిపోయింది. "ఆ మాట అనకు" అన్నాను కొంచెం గట్టిగానే. ఆ గవి మునుపటిలా ఉండాలని నేను కోరుకున్నప్పుడల్లా, ఈ పిల్ల లేకుండా పోవాలని కోరుకున్నట్టే అవుతుంది. పిన్ని జీవితమంతా ఈ రెండిటి మధ్యా నలిగి ఉంటుంది. "అవ్వ నన్ను ఎప్పుడైనా తిట్టిందా?" అని అడిగింది గౌరి. "నీ నడక గురించీ చదువు గురించీ అడిగేది" అన్నాను. దాంతో అది కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

మేము లేవబోతుండగా ఒక పడుచు జంట మెట్లెక్కి వచ్చింది. గేటు ఊచలకు అప్పటికే కొయ్య ఉయ్యాలలు, గుడ్డ ఉయ్యాలలు గుత్తులు గుత్తులుగా వేలాడుతున్నాయి. ఏ గబ్బిలాల తల్లిని చూసి ఈ మొక్కు పుట్టిందో కట్టేవాళ్ళకు తెలియదు. ఆ అమ్మాయి చేతిలో ఎర్రటి గుడ్డ ఉయ్యాల ఉంది. కింది ఊచలన్నీ నిండిపోయాయి. మునివేళ్ళ మీద నిలబడి పై ఊచ అందుకోబోయింది, అందలేదు. మొగుడు కాస్త దూరంగా సిగ్గుపడుతూ నిలబడ్డాడు. గౌరి కళ్ళు తుడుచుకుని ఆ అమ్మాయి దగ్గరికి నడిచింది. నేను చెప్పిందంతా ఇప్పుడు ఆమెకు చెప్పేస్తుందేమో, వద్దంటుందేమో అని చూస్తున్నాను. గౌరి పొడగరి. ఒక్క మాట కూడా మాట్లాడకుండా ఆ ఉయ్యాల తీసుకుని, పై ఊచకు రెండు ముళ్ళు వేసి గట్టిగా కట్టి, ఊడిపోదని లాగి చూసి, ఆ అమ్మాయి తల నిమిరి వచ్చేసింది.